గుడ్డు ఉడకబెట్టే పద్ధతి: నిమిషాల లెక్క నుంచి పెంకు తీసేదాకా

గుడ్డు ఉడకబెట్టడం కూడా ఒకరు చెప్పాలా అనిపించొచ్చు. కానీ అదే వంటింట్లో, అదే గిన్నెలో ఒకరోజు పచ్చసొన కారిపోతుంటుంది, ఇంకోరోజు అంచుల్లో బూడిద రంగు తిరిగి పొడిపొడిగా రాలుతుంది. మరో రోజు ఉడకడం బాగానే ఉడుకుతుంది గానీ పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడొస్తుంది. పొద్దున్నే హడావిడిలో ఇదొక టెన్షన్.

దీనికి కారణం చేతి తిప్పలు కాదు, లెక్క సరిగ్గా లేకపోవడం. చాలామంది గుడ్లను చల్లటి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టేసి, పది నిమిషాలు ఉడికిస్తే చాలంటారు. ఆ పది నిమిషాలు ఎప్పటినుంచి? పొయ్యి వెలిగించినప్పటినుంచా, అడుగున చిన్న బుడగలు కనిపించినప్పటినుంచా, నీళ్లు సలసలా మరిగినప్పటినుంచా? గిన్నె మందం, నీళ్ల కొలత, మంట సైజు మారితే నీళ్లు మరగడానికి పట్టే సమయం కూడా మారిపోతుంది. ఆ సమయమంతా గుడ్డు లోపల ఎంతో కొంత ఉడుకుతూనే ఉంటుంది. అందుకే నిన్న కుదిరిన పది నిమిషాలు ఇవాళ కుదరవు.

నీళ్లు ముందు మరగాలి, గుడ్లు తర్వాత పడాలి, టైమర్ అప్పుడే మొదలవ్వాలి. అలా చేస్తే ప్రతిసారీ ఒకేలా వస్తుంది. పెంకు కూడా సులువుగా ఊడుతుంది. అదెందుకో ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

లోపల ఏం జరుగుతోంది

తెల్లసొన, పచ్చసొన ఒకే వేడికి గట్టిపడవు. తెల్లసొనలో రకరకాల ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో ఒకటి సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పాలలా తెల్లబడి, వణుకుతూ గడ్డకట్టడం మొదలుపెడుతుంది. కానీ తెల్లసొన ప్రోటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ అనేది గట్టిపడాలంటే దాదాపు 80 డిగ్రీలు కావాలి. పచ్చసొన సంగతి వేరు. అది 65 దగ్గర చిక్కబడి, 70 దాటాక గట్టిపడుతుంది.

అంటే తెల్లసొనకు ఎక్కువ వేడి కావాలి, పచ్చసొనకు తక్కువ చాలు. వేడి బయటినుంచి లోపలికి వెళ్తుంది కాబట్టి తెల్లసొన ముందు ఉడకడం మన అదృష్టం. పచ్చసొన మధ్యలోకి వేడి చేరేలోపు తెల్లసొన పని అయిపోతుంది. ఆ మధ్యలో దొరికే రెండు మూడు నిమిషాల వెసులుబాటులోనే మనకు కావాల్సిన గుడ్డు ఉంది. ఒక్క నిమిషం తేడాకి గుడ్డు మారిపోయేది ఇందుకే.

ఎక్కువసేపు ఉడికితే రెండు నష్టాలు. తెల్లసొన బిగుసుకుపోయి రబ్బరులా సాగుతుంది. రెండోది, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ-బూడిద రంగు వలయం. తెల్లసొనలోని గంధకం ఉన్న ప్రోటీన్లు ఎక్కువ వేడికి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వదులుతాయి. అది పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారుతుంది. రెండూ కలిసేది పచ్చసొన అంచు దగ్గర కాబట్టి రంగు అక్కడే కనిపిస్తుంది. తింటే హాని ఏమీ లేదు. కానీ ఆ వాసన, ఆ పొడిదనం ఎవరికీ నచ్చవు. అతిగా ఉడికిందని గుడ్డు మనకు చెప్పే తీరు అది.

ఏ గుడ్లు తీసుకోవాలి

తాజా గుడ్లే మంచివని అందరికీ ఒక నమ్మకం. నూనెలో పగలగొట్టి వేసుకోవడానికైతే నిజమే. ఉడకబెట్టడానికి మాత్రం వారం, పది రోజులు ఫ్రిజ్‌లో ఉన్న గుడ్డే నయం.

అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. పెంకుకు కంటికి కనపడని వేలాది రంధ్రాలుంటాయి, వాటిగుండా ఆ వాయువు రోజురోజుకీ బయటికి పోతుంది. అది పోయేకొద్దీ తెల్లసొన క్షార గుణం పెరుగుతుంది. మొదట 7.6 దగ్గర ఉండే పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) కొన్ని రోజులకు 9 దాటుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు ఉడికితే తెల్లసొన పెంకు లోపలి పొరకు గట్టిగా అతుక్కుంటుంది, పెరిగాక ఆ పట్టు వదులుతుంది. తాజా గుడ్డు పెంకు తీయడం నరకంలా ఉండేది ఇందుకే.

గుడ్డు వయసు తెలియకపోతే ఒక లోతైన గ్లాసులో చల్లటి నీళ్లు పోసి అందులో వదలండి. అడుక్కి చేరి అడ్డంగా పడుకుంటే తాజాది. వెడల్పు వైపు కాస్త పైకి లేచి ఏటవాలుగా ఉంటే కొన్ని రోజులదన్నమాట, ఉడకబెట్టడానికి అదే సరైనది. నిలువుగా నిలబడితే బాగా పాతది, త్వరగా వాడేయాలి. తేలిపోతే మాత్రం దాన్ని పక్కన పెట్టండి. తేలినంత మాత్రాన కుళ్లినట్టు కాదు, లోపలి గాలి గది పెద్దదైందని అర్థం. పగలగొట్టి వాసన చూస్తే విషయం తేలుతుంది. కానీ ఉడకబెట్టే గుడ్డును ముందే పగలగొట్టలేం కదా, అందుకని దానితో సాహసం వద్దు.

పెంకు తెల్లదైనా గోధుమ రంగైనా ఉడకడంలో తేడా లేదు. సైజులో మాత్రం ఉంది. దాని లెక్క కింద చెప్తాను. ఒకేసారి వేసే గుడ్లన్నీ దాదాపు ఒకే సైజులో ఉండేలా చూసుకోండి. సన్నటి పగులు ఉన్నవాటిని ఉడకబెట్టే గిన్నెలో వేయకండి.

గిన్నె, నీళ్లు, మిగతా సరంజామా

గుడ్లు ఒకే వరుసలో, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పట్టే గిన్నె కావాలి. గుడ్ల మీద ఇంకో అంగుళం నీళ్లు నిలబడాలి. నాలుగు గుడ్లకు లీటరున్నర నీళ్లు పోస్తే నిశ్చింత. నీళ్లు మరీ తక్కువైతే చల్లటి గుడ్లు పడగానే మరుగు ఆగిపోతుంది, మళ్లీ మరగడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అప్పుడు మన లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఒక చిల్లుల గరిటె, ఫోన్‌లో టైమర్, పక్కన ఒక వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్లు, వాటిలో గుప్పెడు రెండు గుప్పెళ్ల ఐసు ముక్కలు. ఐసు నీళ్లు ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. టైమర్ మోగాక ఫ్రిజ్ దగ్గర ట్రేతో కుస్తీ పడుతుంటే అక్కడ గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది.

అసలు పని

ముందు నీళ్లు మాత్రమే పొయ్యి మీద పెట్టి, మూత పెట్టి, పెద్ద మంట మీద మరగనివ్వండి. ఈలోపు గుడ్లను ఫ్రిజ్‌లోంచి తీయాల్సిన పనిలేదు. కింద ఇచ్చిన నిమిషాలు ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసిన గుడ్లకే. ఎందుకంటే ఫ్రిజ్ లోపలి చల్లదనం ఎప్పుడూ ఇంచుమించు ఒకటే, వంటింటి వేడి మాత్రం కాలాన్ని బట్టి మారుతుంది. బయట ఉంచిన గుడ్లయితే ఒక నిమిషం తగ్గించుకోండి.

నీళ్లు బాగా మరిగాక మంట తగ్గించండి. గిన్నెలో అలజడి సద్దుమణగాలి, కానీ బుడగలు రావడం ఆగకూడదు. ఇప్పుడు ఒక్కో గుడ్డును చిల్లుల గరిటెలో పెట్టి, గరిటెను అడుక్కంటా దించి, గుడ్డు దానంతటదే దొర్లేలా కాస్త వంచండి. పైనుంచి జారవిడిస్తే అడుగుకు తగిలి పగులుతుంది. గుడ్లు పగలడానికి వేడి నీళ్లే కారణమని అంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం ఈ దెబ్బే. అన్ని గుడ్లూ అర నిమిషంలోపే పడిపోవాలి.

ఆఖరి గుడ్డు పడగానే టైమర్ నొక్కండి. మంట కొంచెం పెంచి, బుడగలు నెమ్మదిగా పైకి వస్తూ ఉండేంత మరుగు దగ్గర నిలపండి. సలసలా మరిగించడం వల్ల గుడ్డు త్వరగా ఉడకదు. నీళ్లు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు. పెద్ద మంట పెడితే గుడ్లు ఒకదానికొకటి తగిలి చిట్లుతాయి, గ్యాస్ ఖర్చవుతుంది, అంతే.

పచ్చసొన సరిగ్గా మధ్యలో ఉండాలనుకుంటే మొదటి రెండు నిమిషాలు గరిటెతో గుడ్లను మెల్లగా దొర్లిస్తూ ఉండండి. సగానికి కోసి ప్లేటులో అందంగా పెట్టాలనుకునేవాళ్లకే ఈ శ్రమ. మామూలుగా తినడానికి అవసరం లేదు.

ఎన్ని నిమిషాలు

ఇవి 55 నుంచి 60 గ్రాముల కోడిగుడ్డుకు, ఫ్రిజ్‌లోంచి నేరుగా మరిగే నీళ్లలోకి వేసినప్పుడు పట్టే నిమిషాలు.

6 నిమిషాలు: తెల్లసొన అప్పుడే నిలబడుతుంది, పచ్చసొన పూర్తిగా జారుగా ఉంటుంది. పైన టోపీలా కోసి, చెంచాతో తినేవాళ్లకు ఇది. పెంకు మొత్తం తీయాలంటే చాలా జాగ్రత్త కావాలి, వేలు తగిలితే నలిగిపోతుంది.

7 నిమిషాలు: తెల్లసొన గట్టిపడింది, పచ్చసొన అంచులు చిక్కబడ్డాయి, నడుమ ఇంకా కారుతుంది.

8 నుంచి 9: నా ఓటు దీనికే. కోస్తే పచ్చసొన బయటి అంచు లేత పసుపులో, మధ్య భాగం ముదురు నారింజ రంగులో ఉంటుంది. కత్తికి అంటుకుని మెల్లగా జారుతుంది గానీ ప్లేటులోకి కారిపోదు. గట్టి గుడ్డు గొంతుకు అడ్డం పడుతుందనేవాళ్లు ఒకసారి ఇది తిని చూడాలి.

10 నుంచి 11: పచ్చసొన ముద్దగా గట్టిపడింది, నట్టనడుమ మాత్రం ఇంకా తడి మెరుపు కనిపిస్తుంది.

12: పూర్తిగా ఉడికింది, రంగు ఒకేలా లేత పసుపు. ముక్కలు చేసి దేంట్లోనైనా కలపడానికి బాగుంటుంది. ఇంతకు మించి ఉడికించాల్సిన పనిలేదు. 15 నిమిషాలు దాటితే ఆ బూడిద వలయం రావడానికి మీరే దారి వేస్తున్నట్టు.

మొదటిసారి మీ గిన్నెలో, మీ పొయ్యి మీద నాలుగు గుడ్లు వేసి 7, 8, 9, 11 నిమిషాలకు ఒక్కోటి తీసి కోసి చూడండి. ఏది నచ్చిందో ఫ్రిజ్ మీద రాసి అంటించుకోండి. ఇంట్లో ఒకరికి జారుగా, ఒకరికి గట్టిగా కావాలంటే రెండుసార్లు ఉడకబెట్టనక్కర్లేదు. అన్నీ ఒకేసారి వేసి, ఎవరి గుడ్డు వాళ్ల టైముకి తీసి ఐసు నీళ్లలో వేస్తే సరి.

సైజు, ఎత్తు

బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీకి చెందిన చార్లెస్ విలియమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త గుడ్డు ఉడికే సమయానికి ఒక సూత్రమే రాశారు. అందులో మన వంటింటికి పనికొచ్చే ముక్క ఒకటుంది. గుడ్డు బరువు పెరిగినంత వేగంగా సమయం పెరగదు. 50 గ్రాముల గుడ్డుకు 8 నిమిషాలు పడితే, 70 గ్రాముల గుడ్డుకు 10 నిమిషాలు చాలు. బరువు 40 శాతం పెరిగితే సమయం పెరిగేది దాదాపు 25 శాతమే. కాబట్టి చిన్న గుడ్డుకు అర నిమిషం నుంచి నిమిషం దాకా తగ్గించండి, బాగా పెద్దదైతే ఒకటి నుంచి ఒకటిన్నర నిమిషం కలపండి. బాతు గుడ్లకూ ఇదే లెక్క. కౌజు పిట్ట గుడ్లు మరీ చిన్నవి, జారుగా కావాలంటే రెండున్నర నిమిషాలు, గట్టిగా కావాలంటే నాలుగు.

ఎత్తయిన చోట్ల ఇంకో చిక్కు. సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ పడిపోతుంది. 2,000 మీటర్ల ఎత్తులో 93 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉంచాలి. ఎవరెస్ట్ శిఖరం మీదైతే 70 డిగ్రీల దగ్గరే మరుగు వచ్చేస్తుంది. ఓవాల్బుమిన్‌కు 80 కావాలని పైన అనుకున్నాం కదా, అంటే అక్కడ మూత లేని గిన్నెలో ఎంతసేపు మరిగించినా తెల్లసొన మనకు తెలిసిన గట్టిదనానికి రాదు.

ఐసు నీళ్లు ఎందుకు

పొయ్యి ఆపగానే గుడ్డు ఉడకడం ఆగదు. తెల్లసొనలో పోగైన వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. 8 నిమిషాలకు తీసి ప్లేటులో వదిలేసిన గుడ్డు, తినే సమయానికి 10 నిమిషాల గుడ్డయిపోతుంది. టైమర్ మోగగానే చిల్లుల గరిటెతో తీసి ఐసు నీళ్లలో వేయాలి. వెంటనే వేడివేడిగా తినాలనుకుంటే ఒక నిమిషం చాలు, పైన వేడి తగ్గుతుంది, లోపల గోరువెచ్చగా ఉంటుంది. తర్వాత తినేవైతే పది పదిహేను నిమిషాలు ఉంచి పూర్తిగా చల్లారనివ్వండి.

ఐసు లేకపోతే కుళాయి నీళ్లే పట్టి, వేడెక్కగానే పారబోసి మళ్లీ పట్టండి, రెండు మూడుసార్లు. కాస్త ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఉడికించే సమయంలో అర నిమిషం తగ్గించుకోవడం మంచిది.

ఆ బూడిద వలయానికి కూడా ఇదే మందు. పైభాగం త్వరగా చల్లబడితే వాయువు లోపలికి కాకుండా చల్లటి వైపుకి, అంటే బయటికి మళ్లుతుంది. పచ్చసొనలోని ఇనుము దాకా పెద్దగా చేరదు.

పెంకు తీయడం

అసలు విసుగంతా ఇక్కడే. పెంకు లోపల రెండు పలచటి పొరలుంటాయి. గుడ్డును చల్లటి నీళ్లలో పెట్టి నెమ్మదిగా వేడి చేస్తే, తెల్లసొన తీరిగ్గా గట్టిపడుతూ ఆ పొరకు అతుక్కుపోతుంది. మరిగే నీళ్లలో ఒక్కసారిగా పడితే బయటి తెల్లసొన అతుక్కునే వ్యవధి లేకుండా గట్టిపడి, తనలోకి తాను ముడుచుకుంటుంది. తాజా గుడ్లయినా ఈ పద్ధతిలో చాలావరకు బాగానే ఊడతాయి. పైన చెప్పిన వారం రోజుల గుడ్డయితే ఇక బాధే లేదు.

తీసే తీరు ఇది. గుడ్డు వెడల్పు వైపు గట్టు మీద మెల్లగా తట్టండి. గాలి గది అక్కడే ఉంటుంది కాబట్టి పెంకు లోపలికి కుంగుతుంది. తర్వాత పక్కకు తిప్పి, అరచేతి కింద పెట్టి అంతటా సన్నటి పగుళ్లు వచ్చేలా దొర్లించండి. నొక్కకూడదు, చేతి బరువు చాలు. 8 నిమిషాల గుడ్డయితే దొర్లించడం కూడా వద్దు, వేళ్లతో పట్టుకుని చెంచా వెనకవైపుతో చుట్టూ తడితే చాలు.

ఇప్పుడు వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి, పెంకును కాదు, దాని కింది పొరను గోటితో పట్టుకోండి. మొత్తం కిటుకు ఇదే. పొర దొరికిందా, పెంకు ముక్కలన్నీ దానికి అంటుకుని పట్టీలా వచ్చేస్తాయి. పొర దొరకకపోతే ఒక్కో ముక్క గిల్లుకుంటూ కూర్చోవాలి, తెల్లసొన గుంటలు పడుతుంది. సన్నటి కుళాయి ధార కింద గానీ, గిన్నెలో నీళ్లలో ముంచి గానీ తీస్తే నీళ్లు పొరకీ తెల్లసొనకీ మధ్య దూరి ఊడదీస్తాయి. చివరి చిన్న ముక్కలు కూడా అక్కడే కడుక్కుపోతాయి.

మరీ మొండికేస్తే చిన్న చెంచా ఒకటి తీసుకుని, గుడ్డు వంపుకు దాని వంపు ఆనేలా పొర కిందికి దూర్చి చుట్టూ తిప్పండి.

ఉప్పు, వెనిగర్, సోడా, సూది

వీటి గురించి ఎవరి మాట వాళ్లది. చెంచా ఉప్పు వేస్తే నీళ్లు ఎక్కువ వేడెక్కుతాయంటారు, కానీ అంత ఉప్పుకు మరిగే వేడి మారేది లెక్కలోకి రాదు. పెంకు తీయడానికీ అది పెద్దగా సాయపడదు. ఉప్పుకో, వెనిగర్‌కో ఉన్న ఉపయోగం ఒక్కటే. గుడ్డు చిట్లితే బయటికి వచ్చే తెల్లసొనను త్వరగా గడ్డకట్టించి పగులును మూసేస్తాయి, గిన్నె నిండా నురగ తీగలు తేలవు. ఆ మాత్రానికి వేసుకుంటే వేసుకోండి.

వంట సోడా నీళ్లకు క్షార గుణం ఇస్తుంది, పెంకు ఊడడానికి కాస్త తోడ్పడొచ్చు. మోతాదు మించితే గంధకం వాసన ఎక్కువవుతుంది. మరిగే నీళ్లలో వేసే పద్ధతి పాటిస్తే దీని అవసరమే రాదు.

వెడల్పు వైపు సూదితో చిన్న రంధ్రం చేయడం మాత్రం పూర్తిగా తీసిపారేయాల్సింది కాదు. గాలి గదిలోని గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటికి పోయే దారి ఉంటుంది, గుడ్డు అడుగున సొట్టలా గుంట పడడం తగ్గుతుంది. పగలకుండా కచ్చితంగా ఆపుతుందని మాత్రం చెప్పలేం. శుభ్రమైన సూది వాడి, అలా గుచ్చిన గుడ్డును వెంటనే ఉడికించేయాలి.

వేరే పద్ధతులు

ఆవిరి మీద ఉడికించడం నీళ్లలో ఉడికించినంత బాగుంటుంది, ఒక్కోసారి ఇంకా మెరుగు. గిన్నెలో అంగుళం నీళ్లు మరిగించి, పైన చిల్లుల తట్టలో గుడ్లు పెట్టి గట్టిగా మూత పెట్టాలి. ఆవిరి కూడా 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి నిమిషాలు దాదాపు అవే, కావాలంటే అర నిమిషం కలుపుకోండి. నీళ్లు కొంచెమే కాబట్టి త్వరగా మరుగుతాయి. గుడ్లు కదలవు గనక చిట్లడమూ తక్కువే. మధ్యలో మూత తీసి చూడకూడదు, నీళ్లు ఇగిరిపోకుండా మొదటే సరిపడా పోసుకోవాలి.

చల్లటి నీళ్లలో వేసి, మరుగు రాగానే పొయ్యి ఆపి, మూత పెట్టి 10 నుంచి 12 నిమిషాలు వదిలేసే పద్ధతి ఒకటుంది. గ్యాస్ ఆదా, గుడ్లు పగలవు, గట్టి గుడ్డు వస్తుంది. కానీ పలచటి గిన్నె త్వరగా చల్లారుతుంది, మందపాటిది చల్లారదు, కాబట్టి జారు గుడ్లకు దీన్ని నమ్మలేం. పెంకు కూడా మొండికేస్తుంది.

ప్రెషర్ కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. విజిల్స్ లెక్కన ఉడికిస్తే పచ్చసొన ఏ స్థితిలో ఉందో తెలుసుకునే మార్గమే లేదు. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ ఉన్నవాళ్లు 5 నిమిషాలు ఒత్తిడిలో, 5 నిమిషాలు అలాగే వదిలేసి, 5 నిమిషాలు ఐసు నీళ్లలో ఉంచుతారు. డజను గట్టి గుడ్లు ఒకేసారి కావాలంటే అది పనికొస్తుంది, పెంకూ బాగా ఊడుతుంది. అంతకు మించి దానితో నాజూకు పనులు ఆశించొద్దు.

మైక్రోవేవ్‌లో పెంకుతో ఉన్న గుడ్డు పెట్టనే పెట్టకండి. లోపల ఆవిరి పోగై పేలుతుంది. కొన్నిసార్లు మైక్రోవేవ్‌లో ఊరుకుని, బయటికి తీసి ముట్టుకున్నాకో కొరికాకో పేలుతుంది, మొహం కాలుతుంది. ఉడికిన గుడ్డును అందులో వేడి చేయడం కూడా ఇంతే ప్రమాదం.

ఇక 2025లో ఇటలీ పరిశోధకులు కమ్యూనికేషన్స్ ఇంజినీరింగ్ అనే పత్రికలో ప్రచురించిన పద్ధతి ఒకటి బాగా ప్రచారంలోకి వచ్చింది. 100 డిగ్రీల నీళ్లలో 2 నిమిషాలు, 30 డిగ్రీల నీళ్లలో 2 నిమిషాలు, ఇలా మార్చి మార్చి మొత్తం 32 నిమిషాలు. తెల్లసొన ఎక్కుతూ దిగుతూ ఉండే వేడికి గట్టిపడుతుంది, పచ్చసొన మాత్రం మధ్యస్థంగా 67 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండి వెన్నలా వస్తుంది. తర్కం చాలా అందంగా ఉంది. ఆఫీసుకు టైమవుతుండగా గుడ్లను రెండు గిన్నెల మధ్య 16 విడతలు తిప్పే ఓపిక ఉంటే, ఒక ఆదివారం ప్రయత్నించి చూడొచ్చు.

జారు పచ్చసొన ఎవరికి వద్దు

గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం తక్కువే గానీ లేకపోలేదు. గర్భిణులు, చిన్నపిల్లలు, వయసు మళ్లినవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చసొన, తెల్లసొన రెండూ గట్టిపడేదాకా ఉడికిన గుడ్డే తినాలి, అంటే పై లెక్కలో 12 నిమిషాలది. పచ్చి గుడ్డు పట్టుకున్న చేతులు కడుక్కోవడం మర్చిపోవద్దు. మరుగుతున్న నీళ్లలో పడినా పడకపోయినా పెంకు మీద మురికి ఉంటే ముందే తుడిచేయండి.

రాత్రే ఉడికించి పెట్టుకుంటే

పొద్దున తీరిక ఉండదనుకుంటే రాత్రే ఉడకబెట్టుకోవచ్చు. చల్లారిన గుడ్లను తుడిచి, పెంకు తీయకుండా, రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పెంకుతో అయితే వారం దాకా ఉంటాయి. ఉడికిన గుడ్డు పచ్చిదానికన్నా త్వరగా పాడవుతుంది, ఎందుకంటే పెంకు మీద సహజంగా ఉండే రక్షణ పూత నీళ్లలో పోతుంది. పెంకు తీసినవైతే తడి టిష్యూ కప్పి మూత ఉన్న డబ్బాలో పెట్టి, మర్నాటికల్లా తినేయడం మంచిది. డబ్బా మూత తీసినప్పుడు గుప్పుమనే వాసన ఆ గంధకానిదే, పాడైందని కంగారు పడక్కర్లేదు. జిగురుగా ఉంటే మాత్రం పారేయండి.

చల్లటి గుడ్డు వేడి చేయాలంటే మరిగించిన నీళ్లు ఒక గిన్నెలో పోసి, ఒక నిమిషం ఆగి, పెంకుతో ఉన్న గుడ్డును అందులో నాలుగైదు నిమిషాలు ఉంచండి. లోపలి పచ్చసొన జారుదనం పోకుండా వెచ్చబడుతుంది.

కోసేటప్పుడు పచ్చసొన కత్తికి అంటుకుని తెల్లసొన మీద పూసుకుంటుంటే, ప్రతి కోతకీ కత్తిని తడిగుడ్డతో తుడవండి. ఇంకా సులువు కావాలంటే సన్నటి గట్టి దారం గుడ్డు చుట్టూ తిప్పి రెండు కొసలు లాగితే అద్దంలా రెండుగా విడిపోతుంది.

ఫ్రిజ్‌లో ఉడికినవీ పచ్చివీ కలిసిపోతే గట్టు మీద పెట్టి బొంగరంలా తిప్పండి. ఉడికింది చకచకా తిరుగుతుంది, పచ్చిది లోపలి ద్రవం వల్ల తూలుతూ త్వరగా ఆగిపోతుంది. తిరుగుతుండగా వేలు పెట్టి ఒక్క క్షణం ఆపి వదిలేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, పచ్చి గుడ్డు మళ్లీ కదులుతుంది, ఉడికింది కదలదు. ఇదంతా ఎందుకనుకుంటే, ఉడికిన వాటి పెంకు మీద పెన్సిల్‌తో ఆ రోజు తేదీ రాసేయండి.